కంచం దగ్గర, పడక దగ్గర: చేయవలసినవి - చేయకూడనివి

భార్య సరిగ్గా తినకపోతే భర్త బతిమాలతాడు. పడకకు దూరంగా జరిగితే అలుగుతాడు. ఆ రెండూ ఒకే బాధలోంచి పుట్టాయని చాలా ఇళ్లలో ఎవరికీ తట్టదు.

పస్తులుండి ఒంటిని ఎండబెట్టుకోవడం అనొరెక్సియా. అదుపు తప్పి తినేసి, ఆ వెంటనే తిన్నదాన్ని ఎలాగైనా వదిలించుకోవాలని తంటాలు పడడం బులీమియా. కక్కడం లాంటివి లేకుండా, ఆకలి లేకపోయినా మళ్లీ మళ్లీ ఆపుకోలేకుండా తినేసి, ఆనక సిగ్గుతో కుంగిపోవడం బింజ్ ఈటింగ్. వీటిని కలిపి ఈటింగ్ డిజార్డర్లు, ఆహార రుగ్మతలు అంటున్నాం. కాలేజీ అమ్మాయిలకే వస్తాయనుకుంటే పొరపాటు. మగవాళ్లకీ, పెళ్లయి పిల్లలున్నవాళ్లకీ, చూడ్డానికి బొద్దుగా ఉన్నవాళ్లకీ వస్తాయి. వీరిలో కొందరి వెనక చిన్ననాటి లైంగిక వేధింపో, తిట్లూ దెబ్బల మధ్య గడిచిన బాల్యమో, హింసతో ముగిసిన పాత బంధమో ఉంటుంది. ఆ గాయాన్నే ట్రామా అంటారు.

ఈ వ్యాసం అలాంటివారికీ, వారితో కాపురం చేస్తున్నవారికీ. ఇందులోని జాగ్రత్తలన్నిటికీ మూలసూత్రం ఒక్కటే. స్పర్శ విషయంలో 'వద్దు' అంటే అది ఆ మనిషి మాట; అక్కడితో ఆగిపోవాలి. అన్నం విషయంలో 'వద్దు' ఒక్కోసారి జబ్బు పలికించే మాట. దాని సంగతి తేల్చాల్సింది వైద్యులు, భర్తో భార్యో కాదు. ఇళ్లలో సాధారణంగా దీనికి తలకిందులుగా జరుగుతుంది. కంచం దగ్గర పోలీసులవుతారు, పడక దగ్గర 'వద్దు'ను అలకగా తీసిపారేస్తారు.

ముందు తెలుసుకోవలసిన సంగతులు

ఆకలి కోరికను చంపుతుంది. రెండో ప్రపంచ యుద్ధం చివర్లో, 1944-45లో, అమెరికాలోని మిన్నెసోటా యూనివర్సిటీలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త 36 మంది ఆరోగ్యవంతులైన యువకుల మీద ఒక పరిశోధన చేశాడు. వారి ఇష్టంతోనే దాదాపు ఆరు నెలలపాటు అర్ధాకలి తిండి పెట్టాడు. వాళ్లు చిక్కిపోయారు సరే, నవ్వడం కూడా తగ్గింది. నలుగురిలో కలవడం మానేశారు. లైంగికాసక్తి పోయింది. రోజంతా తిండి ధ్యాసే. కొందరు వంటల పుస్తకాలు పోగేసుకుని చదువుతూ కూర్చున్నారు. మానసికంగా, శారీరకంగా దృఢంగా ఉన్నవారినే ఏరి తీసుకున్నా ఆకలి వాళ్లని అలా చేసింది. పస్తులతో చిక్కిన మనిషి మీ పక్కన ముడుచుకుని పడుకుంటే ప్రేమ తగ్గిందని తీర్మానించకండి. బతకడానికే శక్తి చాలని ఒళ్లు ముందుగా మూసేసే కొట్లలో కోరిక ఒకటి.

హార్మోన్లు పడిపోతాయి. తిండి చాలనప్పుడు మెదడు అండాశయాలకు పంపే సంకేతాలు తగ్గిపోతాయి. నెలసరి ఆగుతుంది, ఈస్ట్రోజెన్ తగ్గుతుంది, యోని పొడిబారి కలయిక నొప్పిగా మారుతుంది. మగవారిలో టెస్టోస్టెరాన్ తగ్గి కోరిక, అంగస్తంభన దెబ్బతింటాయి. ఎముకలు బోలుబారతాయి. ఇవన్నీ పరీక్షల్లో తేలే విషయాలే తప్ప నటనలు కావు.

సిగ్గు ముద్దును కూడా అడ్డుకుంటుంది. బులీమియాను ప్రత్యేకమైన జబ్బుగా 1979లో లండన్ వైద్యుడు జెరాల్డ్ రసెల్ వర్ణించాడు. పదేపదే కక్కడం వల్ల కొందరి వేళ్ల కణుపుల మీద కనిపించే కాయలను ఇప్పటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు. కక్కడం అలవాటైతే చెంపల దగ్గర లాలాజల గ్రంథులు వాస్తాయి, పళ్ల మీద పింగాణీ పొర అరుగుతుంది, నోరు వాసన వస్తుందన్న భయం పట్టుకుంటుంది. దగ్గరికి రాగానే ముఖం పక్కకు తిప్పేసే మనిషి మీ మీద అయిష్టంతో కాదు, తన నోటి మీద అసహ్యంతో తిప్పుకుంటూ ఉండొచ్చు.

గాయపడిన ఒళ్లు తన కాపలా తనే కాసుకుంటుంది. అమెరికన్ రచయిత్రి రొక్సేన్ గే 'హంగర్' (2017) అనే ఆత్మకథలో ఈ సంగతి దాపరికం లేకుండా రాశారు. పన్నెండేళ్ల వయసులో సామూహిక అత్యాచారానికి గురయ్యాక, ఒళ్లు పెద్దదైతే ఎవరూ తన జోలికి రారని తినడం మొదలుపెట్టానని చెప్పారు. ఇంకొకరు అదే భయంతో ఆడతనం కనబడకుండా ఎండిపోవాలని చూస్తారు. దారులు వేరైనా కోరుకునేది ఒక్కటే, నన్ను ఎవరూ ముట్టుకోకూడదని. అలాంటివారికి కాస్త ఒళ్లు చేయడమో, చిక్కడమో కేవలం అందం లెక్క కాదు, భద్రత లెక్క.

అయితే ఈటింగ్ డిజార్డర్ ఉన్న ప్రతి ఒక్కరి వెనకా లైంగిక హింస ఉంటుందనుకోకండి. వంశపారంపర్యం, కఠినమైన డైటింగ్, బరువు మీద ఎగతాళి, ఆందోళన స్వభావం కూడా కారణాలే. లేని గాయాన్ని తవ్వి తీయబోతే కొత్త గాయం మిగులుతుంది.

ఒంటి గురించి మాట్లాడేటప్పుడు

బ్రిటన్ యువరాణి డయానా తన బులీమియా 1981లో, చార్ల్స్‌తో నిశ్చితార్థం జరిగిన మరుసటి వారమే మొదలైందని చెప్పుకుంది. కాబోయే భర్త నడుము మీద చెయ్యి వేసి కాస్త బొద్దుగా ఉన్నావన్నాడట. ఆ ఒక్క మాటే జబ్బు తెచ్చిందని అనలేం. కానీ ముట్టుకున్న చెయ్యీ, ఒంటిని తూచిన మాటా ఒకేసారి తగిలితే ఎంత లోతుగా దిగుతాయో దీన్నిబట్టి తెలుస్తుంది.

చేయవలసినవి:

- చేసిన పనిని, మాటను, హాస్యాన్ని, ఓర్పును మెచ్చుకోండి. 'నీ పక్కన కూర్చుంటే హాయిగా ఉంది' అన్న మాటకు బరువుతో పని లేదు.
- 'నేను లావుగా ఉన్నానా?' అని అడిగితే అవుననీ కాదనీ తేల్చకుండా, 'ఇవాళ నీకు బాగా కష్టంగా ఉన్నట్టుంది. ఏమైంది?' అని అడగండి.
- వైద్యులు అడిగితే తప్ప బరువు తూచే మిషను ఇంట్లో కంటికి కనబడకుండా పెట్టండి. ఆ పని ఇద్దరూ అనుకున్నాకే చేయండి.

చేయకూడనివి:

- 'ఇప్పుడు కాస్త ఒళ్లు చేశావు, బాగున్నావు' అనకండి. మీకది మెచ్చుకోలు. అనొరెక్సియా నుంచి కోలుకుంటున్న మనిషికి అది మళ్లీ పస్తు మొదలుపెట్టమన్నట్టు వినిపిస్తుంది.
- పాత పెళ్లి ఫొటోలు, సినిమా తారలు, పక్కింటివాళ్లతో పోలిక వద్దు. ముద్దుపేరుగానైనా 'బొండాం', 'పుల్ల', 'ఎముకల గూడు' వద్దు.
- మీ సొంత ఒంటి మీద మీరు విసుక్కోవడం కూడా మానండి. 'పొట్ట పెరిగిపోతోంది, రేపట్నుంచి అన్నం బంద్' అని మీరు అంటుంటే ఆ ఇంట్లో జబ్బుకు తోడు దొరికినట్టే.

భోజనం దగ్గర

తెలుగిళ్లలో ప్రేమను వడ్డించి చూపిస్తారు. వద్దన్నా ఇంకో గరిటె వేస్తారు, విస్తరికి చెయ్యి అడ్డం పెట్టినా వేళ్ల సందుల్లోంచి నెయ్యి పోస్తారు. గాయపడిన మనిషి దీన్ని ఇంకోలా చదువుకుంటుంది. నా 'వద్దు'కు ఈ ఇంట్లో విలువ లేదు, నా ఒంట్లోకి ఏం వెళ్లాలో నలుగురూ నిర్ణయిస్తారు అని. ఆ పాఠమే రాత్రికి పడక గదిలోకి వెళుతుంది.

చేయవలసినవి:

- ఎంత, ఎప్పుడు, ఏం తినాలన్నది డైటీషియన్, డాక్టర్ కలిసి రాసిచ్చిన పట్టిక ప్రకారం జరగనివ్వండి. 'నేను చెప్పినట్టు తిను' అనడం కంటే 'పట్టికలో నాలుగింటికి పాలు, పల్లీ ఉండ ఉన్నాయి, ఇద్దరం తిందాం' అనడం నయం.
- పక్కన కూర్చుని తినండి. మాటలు సినిమా మీదో, ఆఫీసు మీదో, పిల్లల అల్లరి మీదో ఉండనివ్వండి.
- బులీమియా ఉన్నవారికి తిన్న తర్వాతి గంట గండం. అప్పుడు తోడుగా ఏం చేయాలో మామూలు సమయంలోనే అడిగి పెట్టుకోండి. వీధి చివరిదాకా నెమ్మదిగా నడవడమా, పేకాటా, పాటలా అన్నది వారే చెప్పాలి.
- అత్తగారికో, అమ్మకో ఒక్కమాటలో చెప్పండి. 'అమ్మా, తన భోజనం సంగతి డాక్టరుగారు చూస్తున్నారు. నువ్వు వడ్డించకు, తనే పెట్టుకుంటుంది.' జబ్బు పేరు, పాత కథ చెప్పనక్కర్లేదు.
- కార్తీక సోమవారాలు, శనివారాల ఉపవాసం, రంజాన్ రోజాలు, శ్రమల దినాలు రాకముందే డాక్టరుతో మాట్లాడండి. భక్తి పేరుతో జబ్బు పస్తులు పెట్టించగలదు. జబ్బుపడినవారికి ఈ ఉపవాసాల నుంచి మినహాయింపు ఉంది.

చేయకూడనివి:

- 'నా మీద ఒట్టు, ఈ ముద్ద తిను' అనకండి. తినకపోతే ప్రేమ లేనట్టు, తింటే ఓడిపోయినట్టు. రెండు విధాలా నష్టమే.
- బాత్రూం తలుపు దగ్గర చెవి పెట్టి కాపలా కాయడం, చెత్తబుట్ట వెతకడం, ఫోను తిరగేయడం వద్దు. కుళాయి చప్పుడు మీకు అనుమానంగా ఉంటే తలుపు బాదకుండా, బయటికి వచ్చాక ఒకసారి నేరుగా చెప్పండి: 'భోజనం కాగానే నువ్వు బాత్రూంలోకి వెళ్లడం కొన్నాళ్లుగా గమనిస్తున్నా. నాకు భయంగా ఉంది. తిట్టడానికి అడగడం లేదు. డాక్టరు దగ్గరికి ఇద్దరం వెళ్దామా?'
- తినడానికీ పడకకూ లంకె పెట్టవద్దు. 'తింటేనే నీ పక్కన పడుకుంటా', 'నువ్వు సన్నబడితేనే ముట్టుకుంటా' లాంటి బేరాలు హింస కిందికే వస్తాయి.
- చాలా రోజులు తినకుండా ఉన్న మనిషికి ఒక్కసారిగా కడుపునిండా పెట్టకండి. రక్తంలో ఫాస్ఫేట్ లాంటి లవణాలు అకస్మాత్తుగా పడిపోయి గుండె, మెదడు దెబ్బతినే ప్రమాదం ఉంది. అలాంటప్పుడు తిండి మొదలుపెట్టాల్సింది వైద్యుల పర్యవేక్షణలోనే.

పడక దగ్గర

ఇక్కడ ఒక చిన్న ఉదాహరణ. భార్య పొయ్యి దగ్గర పోపు వేస్తోంది. భర్త వెనకనుంచి వచ్చి ముచ్చటగా నడుము చుట్టూ చేతులు వేశాడు. ఆమె గరిటె జారవిడిచి, మోచేత్తో గట్టిగా పొడిచింది. ముఖం తెల్లబోయింది. అతను నొచ్చుకున్నాడు: 'నేనేమన్నా పరాయివాణ్నా?' అతను పరాయివాడు కాదు. కానీ వెనకనుంచి వచ్చే చేతులు ఎవరివో పోల్చుకునేలోపే ఆమె ఒళ్లు పాత జవాబు ఇచ్చేసింది. ఇంకో రోజు అతను వంటింటి గుమ్మంలోనే నిలబడి, 'వచ్చా. దగ్గరికి రానా?' అన్నాడు. ఆమె పొయ్యి తగ్గించి ఇటు తిరిగింది. రెండో తీరే నేర్చుకోవాలి.

చేయవలసినవి:

- ముందు కనబడండి, తర్వాత మాట్లాడండి, ఆ తర్వాతే ముట్టుకోండి. వెనకనుంచి, నిద్రలో, చీకట్లో హఠాత్తుగా చెయ్యి వేయవద్దు.
- ముట్టుకోవచ్చో లేదో అడగండి. ఒకసారి 'సరే' అన్నది ఆ రాత్రికే, ఆ స్పర్శకే. మధ్యలో మనసు మారినా అది కూడా 'వద్దు'తో సమానం.
- ఒంట్లో ఏ చోట సమ్మతం, ఏ చోట కాదు అన్నది పగటిపూట, బట్టలన్నీ ఒంటి మీద ఉన్నప్పుడు మాట్లాడుకోండి. చాలామందికి పొట్ట, నడుము, తొడలు ముట్టుకుంటే కొలుస్తున్నట్టు ఉంటుంది. మెడ, మణికట్టు పట్టుకుంటే పాత భయం లేస్తుంది.
- దీపం ఉంచాలా ఆర్పాలా, ఒంటి మీద ఏ బట్ట ఉండాలి, తలుపు గడియ ఎవరు వేయాలి, మంచంలో ఏ వైపు పడుకోవాలి లాంటి చిన్న నిర్ణయాలు వారికే వదలండి. ఒకప్పుడు అన్నీ పోగొట్టుకున్న చోట ఇవి తిరిగి చేతికి రావాలి.
- ఆపడానికి ఒక గుర్తు పెట్టుకోండి. 'ఆగు' అన్న మాట చాలు. నోరు పెగలని క్షణాలుంటాయి కనుక చేత్తో రెండుసార్లు తట్టడం కూడా గుర్తుగా ఉండనివ్వండి.
- కలయికకు దారితీయని స్పర్శకు చోటివ్వండి. చెయ్యి పట్టుకుని సీరియల్ చూడడం, తలకు నూనె పెట్టడం లాంటివి అక్కడితో ముగిసిపోవాలి. చెయ్యి పట్టుకుంటే చివరికి అక్కడికే లాగుతారన్న భయం పోతేనే ఆ చెయ్యి అందుతుంది. లైంగిక సమస్యల మీద పరిశోధించిన మాస్టర్స్, జాన్సన్ 1970లో దంపతుల చికిత్సకు వాడిన పద్ధతి కూడా ఇలాంటిదే. కొన్నాళ్లు కలయికను పూర్తిగా పక్కనబెట్టి, మెట్టు మెట్టుగా స్పర్శను మళ్లీ అలవాటు చేస్తారు. ట్రామా ఉన్నప్పుడు దాన్ని థెరపిస్టు ఆధ్వర్యంలోనే మొదలుపెట్టాలి.

చేయకూడనివి:

- భోజనం అయిన వెంటనే దగ్గరికి వెళ్లకండి. కడుపు నిండుగా ఉందన్న స్పృహే చాలామందికి నరకం. అప్పుడు ఒంటి మీద చెయ్యి పడితే ఆ అసహ్యం రెట్టింపవుతుంది.
- మౌనాన్ని ఒప్పుదలగా తీసుకోకండి. భయపడిన ఒళ్లు ఎదురు తిరగవచ్చు, పారిపోవచ్చు, కొయ్యబారిపోవచ్చు కూడా. కదలకుండా, పలకకుండా, పైకప్పు వైపు చూస్తున్న మనిషి అక్కడ లేనట్టే లెక్క.
- నొప్పి అంటే అక్కడితో ఆపండి. యోని కండరాలు తమంతట తామే బిగుసుకుపోవడాన్ని వెజినిస్మస్ అంటారు. 'అలవాటైతే పోతుంది' అని కొనసాగిస్తే అది ఇంకా ముదురుతుంది. గైనకాలజిస్టు, థెరపిస్టు కలిసి చూస్తే నయమయ్యే సమస్య ఇది.
- ధైర్యం కోసం మందు తాగించడం, తాగి దగ్గరికి వెళ్లడం రెండూ ప్రమాదమే.
- 'మగాడివేనా?', 'పెళ్లెందుకు చేసుకున్నావు?' లాంటి మాటలు అనకండి. చిన్నప్పుడు వేధింపుకు గురైన మగవాళ్లు మన దగ్గర సాధారణంగా నోరు విప్పరు. అప్పట్లో ఒళ్లు స్పందించి ఉంటే, తమకూ ఇష్టమే కాబోలని జీవితాంతం అవమానంతో ఉంటారు. ఒళ్లు స్పందించడం వేరు, మనసు ఒప్పుకోవడం వేరు.
- కాపురం నిలబడాలంటే తప్పదని కళ్లు మూసుకుని ఒప్పుకోవడాన్ని ఇద్దరూ మానండి. అలాంటి రాత్రి తర్వాత గంటలసేపు స్నానం చేయడం, గుట్టుగా తినేసి కక్కడం, ఒంటిని గీరుకోవడం కనబడితే ఆ ఒప్పుదల అబద్ధమని అర్థం. కలయికను ఆపి, చికిత్సకు వెళ్లాలి.

ఉలిక్కిపడి, బిగుసుకుపోయినప్పుడు

చేయవలసినవి: చేతులు వెనక్కి తీసుకోండి, కాస్త దూరం జరగండి, దీపం వేయండి. మెల్లగా పేరు పెట్టి పిలిచి, 'నేను ఫలానా. ఇది మన ఇల్లు. ఇవాళ మంగళవారం. నిన్ను ఎవరూ ఏమీ చేయడం లేదు' అని చెప్పండి. పాదాలు నేలకు ఆనించమనండి, గదిలో కనబడే వస్తువులు కొన్ని చెప్పమనండి, చల్లటి నీళ్లు ఇవ్వండి. తేరుకున్నాక 'పక్కన కూర్చోనా, హాల్లో ఉండనా?' అని అడిగి, ఏది చెబితే అది చేయండి.

చేయకూడనివి: గట్టిగా వాటేసుకోవడం, భుజాలు పట్టి కుదపడం, 'ఎందుకలా చేశావు, ఏం గుర్తొచ్చింది' అని అప్పుడే తవ్వడం. మరునాడు దాన్ని పోట్లాటలో అస్త్రంగా వాడడం.

గతం చెప్పినప్పుడు

చేయవలసినవి: పూర్తిగా వినండి. 'చెప్పినందుకు నాకు నీ మీద గౌరవం పెరిగింది. నీ తప్పు లేదు. ఇప్పుడు నేనేం చేస్తే నీకు బాగుంటుంది?' అన్న మూడు మాటలు చాలు. ఎవరితో చెప్పవచ్చో, ఎవరితో చెప్పకూడదో వారినే అడగండి. గాయపరిచిన మనిషి బంధువే అయితే అతను వచ్చే పెళ్లిళ్లకూ పేరంటాలకూ వెళ్లనక్కర్లేని ఏర్పాటు చేయండి. ఇప్పటికీ అతని చుట్టూ చిన్నపిల్లలు తిరుగుతుంటే మాత్రం ఊరుకోవడానికి లేదు. ఆ పిల్లల భద్రత కోసం పిల్లల సహాయవాణి 1098కి ఫోన్ చేయాలి. పిల్లలపై లైంగిక నేరం గురించి తెలిసినవారు ఫిర్యాదు చేయాలని 2012 నాటి పోక్సో చట్టం చెబుతుంది.

చేయకూడనివి: 'అప్పుడే ఎందుకు చెప్పలేదు?', 'నువ్వేమీ అనలేదా?', 'పెళ్లికి ముందు దాచారు' అనకండి. వివరాలు పదే పదే అడగకండి. ఆవేశంతో వెళ్లి అతణ్ని కొట్టి రాకండి. దాంతో కథ మీది అయిపోతుంది, చెప్పినవారు మళ్లీ పక్కకు జరిగిపోతారు. మానసిక వైద్యురాలు జుడిత్ హెర్మన్ 1992లో రాసిన 'ట్రామా అండ్ రికవరీ'లో కోలుకోవడానికి మూడు దశలు చెప్పింది. మొదటిది భద్రత. జరిగింది తలచుకుని దుఃఖించడం రెండోది. మళ్లీ మనుషుల్లో కలవడం మూడోది. భద్రత లేని ఇంట్లో గతాన్ని తవ్వడం ప్రమాదమని దీని సారాంశం.

మందులు, నెలసరి, గర్భం

చేయవలసినవి:

- డిప్రెషన్, బులీమియాలకు ఇచ్చే ఫ్లూఓక్సెటిన్ లాంటి మందులు కోరికను, తృప్తిని తగ్గించవచ్చు. ఇబ్బందిగా ఉంటే డాక్టరుకు చెప్పండి; మోతాదో, మందో మార్చే వీలుంది.
- లైంగిక ఇబ్బంది తగ్గించడానికి కొందరికి బ్యూప్రొపియాన్ అనే మందు రాస్తారు. ఇప్పుడు గానీ గతంలో గానీ అనొరెక్సియా, బులీమియా ఉన్నవారికి అది పనికిరాదు, ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉంది. జబ్బు సంగతి దాచిపెట్టి మందు రాయించుకుంటే జరిగే అనర్థం ఇలాంటిదే.
- నెలసరి ఆగినా గర్భం రావచ్చు. అండం ముందు విడుదలై, నెలసరి తర్వాత వస్తుంది. పిల్లలు ఇప్పుడే వద్దనుకుంటే జాగ్రత్త తప్పనిసరి.
- గర్భనిరోధక మాత్ర వేసుకున్న కొద్ది గంటల్లో వాంతయితే అది పనిచేయకపోవచ్చు. కక్కే అలవాటు ఉన్నవారు మాత్ర కాకుండా వేరే పద్ధతి గురించి గైనకాలజిస్టును అడగాలి.
- పరీక్షకు ముందే డాక్టరుతో 'నాకు ముట్టుకుంటే భయం. చెప్పి చేయండి, ఆపమంటే ఆపండి' అనండి. కారణం చెప్పనక్కర్లేదు.

చేయకూడనివి:

- మందు అకస్మాత్తుగా మానేయకండి.
- గర్భనిరోధక మాత్రలు వాడితే వచ్చే రక్తస్రావాన్ని చూసి నెలసరి సరైందని మురవకండి. అది మాత్ర తెప్పించినదే. ఎముకలకు కావలసింది తిండి, కోలుకున్న బరువు.
- 'ఒక బిడ్డ పుడితే అన్నీ సర్దుకుంటాయి' అన్న సలహా వినకండి. గర్భంలో మారే ఒళ్లు, కాన్పు తర్వాతి బరువు పాత జబ్బును తిరగబెట్టగలవు.

జబ్బు మీదే అయితే

చేయవలసినవి: భాగస్వామికి అన్నీ చెప్పాల్సిన పనిలేదు, కానీ ఒక్కటైనా చెప్పండి. 'నేను దూరంగా జరిగితే నీ మీద కోపం కాదు. నా ఒంట్లో నేను ఉండలేకపోతున్నా' అన్నంత చిన్న మాటైనా అవతలివారి అపార్థాన్ని సగం తగ్గిస్తుంది. ఎదురుగా చెప్పలేకపోతే కాగితం మీద రాసివ్వండి. మీకు ఇష్టమైన స్పర్శ ఒక్కటి ఉన్నా చెప్పండి. ఎప్పుడూ వద్దు అనే వంతే మీకు రాకూడదు.

చేయకూడనివి: పస్తులుండి, కక్కి, ఆ తర్వాత పడకకు సిద్ధం కావడం ఒక ఆనవాయితీగా మార్చుకోకండి. సన్నబడితేనే ప్రేమకు అర్హత అన్నది జబ్బు చెప్పే అబద్ధం. 'ఈ బరువుకు చేరాక చికిత్సకు వెళ్తా' అని వాయిదా వేయకండి. ఆ అంకె ఎప్పటికప్పుడు కిందికి జరుగుతూనే ఉంటుంది.

తోడున్నవారు తమ కోసం

చేయవలసినవి: మీకూ ఒంటరితనం, కోరిక, కోపం ఉంటాయి. వాటికి సిగ్గుపడకండి, ఒక స్నేహితుడితోనో, కౌన్సెలర్‌తోనో చెప్పుకోండి. దంపతులను కలిపి చేసే చికిత్సలున్నాయి. అనొరెక్సియా కోసం నార్త్ కరోలినా యూనివర్సిటీలో సింథియా బులిక్, డొనాల్డ్ బాకమ్ రూపొందించిన కార్యక్రమంలో భర్తనో భార్యనో చికిత్సలో భాగం చేసుకుంటారు. ఒంటి గురించి, పడక గురించి మాట్లాడడం అందులో ఒక పాఠమే.

చేయకూడనివి: మీరే వైద్యులు కాకండి. 'ఇంత ఓర్చుకున్నా కదా' అని ఓపికకు వడ్డీ అడగకండి. జబ్బు ఉందన్న సాకుతో మిమ్మల్ని కొట్టడం, బెదిరించడం జరిగితే దాన్ని భరించనక్కర్లేదు. జబ్బు హింసకు అనుమతి పత్రం కాదు.

ఆలస్యం చేయకూడని గుర్తులు

స్పృహ తప్పడం, గుండె దడ లేదా లయ తప్పడం, ఛాతీలో నొప్పి, నాడి మరీ నెమ్మదించడం, వాంతిలో రక్తం, ఫిట్స్, మంచినీళ్లు కూడా నిలవకపోవడం, లేచి నిలబడలేనంత నీరసం, చావు గురించిన మాటలు. ఇక్కడ బతిమాలడం, ఒప్పించడం పెట్టుకోకండి. అంబులెన్సు కోసం 108కి ఫోన్ చేయండి, మనిషిని ఒంటరిగా వదలకండి. పదేపదే కక్కేవారిలో రక్తంలోని పొటాషియం పడిపోయి గుండె ఆగిపోవచ్చు. ముఖం చూసి బాగానే ఉన్నారనుకోవద్దు. మానసిక జబ్బుల్లో అనొరెక్సియా ప్రాణాంతకమైన వాటిలో ముందు వరసలో ఉంది. అన్నం 'వద్దు'ను వైద్యుల చేతికి అప్పగించాల్సిన ఘడియ ఇదే.

చట్టం, సాయం

మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ 14416కి రాత్రీపగలూ ఎప్పుడైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడవచ్చు. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం దీన్ని మొదలుపెట్టింది. హైదరాబాద్ ఎర్రగడ్డలో, విశాఖపట్నంలో ప్రభుత్వ మానసిక వైద్యశాలలు, బెంగళూరులో నిమ్హాన్స్ ఉన్నాయి. మహిళలకు 181, ప్రమాదంలో 112. జిల్లాల్లో సఖి కేంద్రాలు, తెలంగాణలో భరోసా కేంద్రాలు వైద్యం, కౌన్సెలింగ్, చట్టసాయం ఒకేచోట అందిస్తాయి. అమెరికాలో ఉన్నవారు మానసిక సంక్షోభంలో 988కి, ప్రాణాపాయంలో 911కి ఫోన్ చేయాలి.

2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం రోగి విషయాలు గోప్యంగా ఉంచాలి. చికిత్సలో తన తరఫున మాట్లాడే ప్రతినిధిని రోగే ఎంచుకోవచ్చు. అది భర్తే, భార్యే కానక్కర్లేదు. 18 ఏళ్లు నిండిన భార్యపై భర్త బలవంతాన్ని భారతీయ న్యాయ సంహిత ఇప్పటికీ అత్యాచారంగా లెక్కించడం లేదు. కానీ 2005 నాటి గృహహింస చట్టం లైంగిక హింసను స్పష్టంగా చేర్చింది. ఆ దారిలో రక్షణ ఉత్తర్వు కోరవచ్చు.

మొదటిసారి డాక్టరు దగ్గరికి వెళ్లేముందు ఒక కాగితం రాసుకోండి. చివరి నెలసరి ఎప్పుడు, వారంలో ఎన్నిసార్లు కక్కుతున్నారు లేదా ఆపుకోలేక తింటున్నారు, ఏ మందులు వాడుతున్నారు, పడక దగ్గర నొప్పా, భయమా, మొద్దుబారడమా, డాక్టరు ఏ విషయం ఇప్పుడే అడగకూడదు. చివరిదాన్ని మరవకండి. తోడు వచ్చినవారు గదిలో ఉండాలా, బయట కూర్చోవాలా అన్నది కూడా ఆ కాగితం రాసినవారే చెప్పాలి.